అయిదు మైక్రాన్ల బావగారు

ఈ క్రిస్మస్‌కి మా చర్చిలో కేకు సగం మందికే సరిపోయింది. కోసినవాళ్లు పాపం మంచి మనసుతోనే కోశారు, కానీ ఇటుకలంత ముక్కలు కోసుకుంటూ పోయారు. వెనక వరసల్లో కూర్చున్న మా ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో పొడి మిగిలింది. మా తోడికోడలు ఆ పొడి వైపు చూసి, నా వైపు చూసి, "మీ బావగారు ఉంటేనా..." అని ఆగిపోయింది. అంతే, ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ముగింపు ప్రార్థన జరుగుతుంటే నవ్వుకున్నాం. పాస్టరుగారు ఒక కన్ను తెరిచి చూశారు కూడా.

బావగారంటే మా ఆయనకి సొంత అన్న, ఆ తోడికోడలి భర్త. పోయి రెండేళ్లయింది. మా ఊరికి బస్సులో గంట దూరాన ఉన్న పశువుల కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేసేవారు. అటెండరంటే తలుపులు తీస్తాడు, టీలు తెస్తాడు అనుకుంటాం కదా. ఆయన పని వేరు. ఆయన పని కోయడం. గొర్రెదో గేదెదో లోపలి భాగంలోంచి చిక్కుడు గింజంత ముక్క తీసి, దాన్ని కరిగించిన మైనంలో పోసి, గట్టిపడ్డాక మర మీద బిగించి, మైనంతో పాటు పొరలు పొరలుగా కోసేవారు. ఒక వెంట్రుకని నిలువునా పద్నాలుగు పొరలు చేస్తే అందులో ఒక పొర ఎంత ఉంటుందో అంత పల్చన. దాన్ని గాజు పలక మీద పరిచి రంగు వేస్తే, అప్పుడు డాక్టర్లు మైక్రోస్కోపులో చూస్తారు. ఆ పల్చదనం పేరు అయిదు మైక్రాన్లు.

ఆ కొలత ఆయన కాలేజీలో వదిలేసి వచ్చేవారు కాదు. చర్చి బల్ల మీద కూర్చోవాలంటే, "అయిదు మైక్రాన్లు జరగండి బాబూ" అనేవారు. కూర రుచి చూసి, "ఉప్పు ఒక రెండు మైక్రాన్లు తగ్గింది అమ్మాయ్" అనేవారు. మా ఆయనకి కోపం వస్తే, "వీడి ఓపిక అయిదు మైక్రాన్లే, అడ్డం రాకండి" అని మమ్మల్ని పక్కకి తప్పించేవారు. పదేళ్లు విన్నాక మాకూ అదే భాష వచ్చేసింది. ఒకసారి నేను పట్నంలో బట్టల కొట్టుకెళ్లి, జాకెట్టు ముక్క ఇంకో పది మైక్రాన్లు ఇవ్వమని అడిగాను. కొట్టులో కుర్చీలన్నీ నా వైపు తిరిగాయి.

క్రిస్మస్ కేకు ఎప్పుడూ ఆయనే కోసేవారు. కత్తిని వేడినీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి, ఒక్క లాగు. మళ్లీ ముంచడం, తుడవడం, లాగడం. ఒక్క కేకు చర్చి మొత్తానికీ సరిపోయి, గేటు బయట చెప్పులు చూసుకునే ముసలాయనకీ ఒక ముక్క మిగిలేది. ముక్క పల్చగా ఉన్నా అంచు విరిగేది కాదు. "నొక్కితే నలుగుతుంది, లాగితే తెగుతుంది" అని, ఎవరడిగినా ఆ ఒక్కమాటే చెప్పేవారు. వినడానికి తేలికే. ఈ యేడాది కేకు కోసినవాళ్లందరికీ ఆ మాట తెలుసు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సినచోట ఆయనకి కుంచె ఉండేది. దూడ చెవి లోపలి వెంట్రుకలతో సొంతంగా కట్టుకున్న కుంచె. కోసిన పొరలు ఒకదాని అంచు ఒకటి పట్టుకుని రిబ్బనులాగా వస్తాయట. ఆ రిబ్బన్ని కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద వదలాలి. అప్పుడు ఫ్యాను తిరగకూడదు, ఎవరూ గట్టిగా నవ్వకూడదు. మా ఇంట్లో ఎండిన వడియాలు గుడ్డ మీంచి ఊడదీయాలంటే ఆయన్నే పిలిచేవాళ్లం. ఒక్కటి విరిగేది కాదు. కానీ తీస్తున్నంతసేపూ మేమందరం ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. ఒకరోజు నేను తుమ్మాను. ఆయన తల ఎత్తకుండానే, "పోయింది, నాలుగో వరస పోయింది" అన్నారు. తుమ్ముకి వడియాలు ఎగిరిపోతాయా ఎక్కడన్నా. అయినా నాలుగో వరస మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టుకున్నారు.

రంగుల సీసాలతో పని కాబట్టి వేళ్ల కొనలకి ఎప్పుడూ ఊదా రంగు ఉండేది. ఏ సబ్బుకీ పోయేది కాదు. ఒక ఎలక్షన్‌కి మేమంతా కలిసి ఓటు వేయడానికి వెళ్లాం. లోపల కూర్చున్న పంతులమ్మ ఆయన ఎడమచేతి వేలు చూసి, "మీరు ఇందాకే వేసేశారు కదండీ" అంది. ఆయన ఆ చెయ్యి దించి కుడిచెయ్యి చూపించారు. అదీ ఊదానే.

"రెండుసార్లు వేశారా" అంది ఆవిడ.

ఆయన రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చాపారు. "పదిసార్లు వేసే ధైర్యం నాకెక్కడిదమ్మా. ఇది పొట్టేలు బీజాలకి వేసే రంగు."

పంతులమ్మ మొహం రిజిస్టరులోకి దించేసుకుంది. మా తోడికోడలు తల మీద కొంగు కప్పుకుని, వెనకున్నావిడతో, "ఈయనెవరో నాకు తెలీదండీ" అంది.

ఆ బీజాల సంగతి చెప్పాలి. చివరి ఏడెనిమిదేళ్లు కాలేజీలో ఆయన కోసిందంతా పొట్టేళ్ల బీజాలే. మగ కణాలు ఎలా తయారవుతాయో అక్కడి డాక్టర్లు చూస్తున్నారు. అందుకని ఆదివారం పొద్దున్నే, ఆరాధనకి ముందు, ఐసు పెట్టిన డబ్బా పట్టుకుని మాంసం కొట్టు దగ్గర నిలబడేవారు. చుట్టూ అందరూ తొడ కావాలి, కార్జం కావాలి అని అరుస్తుంటే, ఆయన నింపాదిగా, "ఏ పొట్టేలు బీజాలు ఆ పొట్టేలువి విడిగా పెట్టవయ్యా. వయసెంతో కూడా చెప్పు" అనేవారు. కొట్టాయన మా బావగారు వాటిని వండించుకుని తింటున్నారనే అనుకున్నాడు. ఒకరోజు మా ఆయన్ని పక్కకి పిలిచాడు.

"అడిగానని ఏమీ అనుకోవద్దు. మీ అన్నగారు వారం వారం తీసుకెళ్తున్నారు. ఒంట్లో ఏమన్నా నలతా?"

"ఆయనకి కాదయ్యా, గవర్నమెంటుకి" అన్నాడు మా ఆయన.

కొట్టాయన కాసేపు కత్తి ఆపి ఆలోచించాడు. "గవర్నమెంటుకి ఇంత నీరసంగా ఉందా" అన్నాడు.

నేను చదివింది అయిదో తరగతి. అయినా నాకు హిస్టోన్లంటే ఏమిటో తెలుసు. ఎలా తెలుసంటే, మా మిరప కల్లంలో తెలిసింది. ఆ యేడు కాయ బాగా కాసింది. ఊరి బయట కల్లంలో ఎర్రగా పరిచిపెట్టి ఆరబెడుతున్నాం. సెలవు రోజు కాబట్టి బావగారు కూడా వచ్చి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నా నోరు ఊరుకోదు.

"బావగారూ, ఇన్నేళ్లుగా ఆ పొట్టేలు బీజాల్లో ఏం వెతుకుతున్నారు?"

"ఏం ప్రశ్నలే అవి, సిగ్గులేకుండా" అంది అక్క. అక్కంటే మా తోడికోడలే. ఆయన మాత్రం సండేస్కూలు పిల్లలకి చెప్పినంత తీరుబడిగా చెప్పారు.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి పొడుగాటి దారం ఉంటుందమ్మాయ్. తాత ముక్కు, అమ్మ నవ్వు, అన్నీ దాంట్లో రాసి ఉంటాయి. అంత పొడుగు దారం అంత చిన్నచోట చిక్కుపడకుండా ఉండాలంటే ఏం కావాలి?"

"కండెలు కావాలి" అన్నాను. కుట్టుమిషను తొక్కినదాన్ని, అది తెలియదా.

"ఆ కండెలే హిస్టోన్లు. ప్రోటీన్లే అవీ. దారం వాటికి చుట్టుకుని ఉంటుంది. కావాల్సినచోట వదులు చేసుకుని చదువుకుంటుంది కణం. అన్ని కణాలదీ అదే పద్ధతి. మగ కణం ఒక్కటే, తయారయ్యేటప్పుడు ఆ కండెల్ని పంపించేస్తుంది."

"పంపించేసి?"

"దానికి ప్రయాణం ఉంది కదా. ఇదిగో, ఈ కాయలు ఇలా పరిచి ఉన్నంతసేపూ ఏ కాయ కావాలంటే ఆ కాయ తీసి చూడొచ్చు. గుంటూరు యార్డుకి ఇలాగే పరిచి పంపిస్తావా?"

"ఎందుకు పంపిస్తాను. టిక్కీ కట్టి పంపిస్తాను." మిరపకాయలు కుక్కిన గోనెబస్తాని మా వైపు టిక్కీ అంటాం. మనిషి అందులో నిలబడి కాళ్లతో తొక్కి తొక్కి నింపుతాడు.

"ఎప్పుడు తొక్కుతారు?"

"తెల్లవారి మంచుకి కాయ మెత్తబడ్డాక. ఎండలో తొక్కితే పొడైపోదూ?"

ఆయన మొహం వెలిగిపోయింది. నేనేదో పరీక్ష పాసయినట్టు చూశారు. "అక్కడా అంతే. కండెల్ని ఒక్కసారి ఊడబీకితే దారం తెగుతుంది. ముందు కండెలు మెత్తగా వదులవుతాయి. తర్వాత మెల్లగా ఒక్కొక్కటే జారుకుంటాయి. వాటి చోట ప్రోటమిన్లని ఇంకా చిన్న ప్రోటీన్లు వచ్చి, మీ ఆయన టిక్కీ తొక్కినట్టు తొక్కేస్తాయి దారాన్ని. కణం తల సన్నబడి గట్టిపడుతుంది, తోక వస్తుంది, బయలుదేరుతుంది. అదే దారం. ఒక్క అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"మరి కండెలన్నీ పోతాయా?"

"అన్నీ పోవు. నువ్వు టిక్కీ మూతి కుట్టే ముందు పైన ఏం పెడతావు?"

"మచ్చుకి నాలుగు మంచి కాయలు. కొనేవాడు ముందు చూసేవి అవే కదా."

"మా డాక్టర్లు అలాంటిదే అనుకుంటున్నారు. అక్కడికి చేరగానే ముందు చదవాల్సినచోట కొన్ని కండెలు ఉంచేస్తుందేమోనని. అనుకోవడమే. ఇంకా తేలలేదు."

అంతవరకూ మమ్మల్ని తిడుతున్న అక్క కూడా తాలుకాయ చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయింది. తర్వాత మూడు రోజులకి మా ఆయన గోతంలో నిలబడి తొక్కుతుంటే, "హిస్టోన్లు తీసేసి తొక్కుతున్నారా, అలాగే తొక్కుతున్నారా" అని అడిగింది. మా ఆయనకి ఏమీ అర్థం కాక బస్తాలోనే ఆగిపోయాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరన్నా సంచి కుక్కుతుంటే ఆ మాట వస్తుంది.

ఇక ఆయన రిటైరు కావడానికి నెల రోజులుందనగా జరిగింది చెబుతాను.

కాలేజీలో పొన్నూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి రీసెర్చి చేసేది. బావగారిని బాబాయ్ అని పిలిచేది. ఆ అమ్మాయికి సింగరాయకొండ వైపు మందలోంచి ఒక పొట్టేలు బీజాలు దొరికాయి. పొట్టేలు చూడ్డానికి గుర్రంలా ఉండేదట. కానీ రెండేళ్లు మందలో తిరిగినా ఒక్క గొర్రె చూడి కట్టలేదు. విసుగొచ్చి కాపరి కోతకి అమ్మేశాడు. బావగారు వాటిని కోసి గాజు మీద పెట్టారు. ఆ అమ్మాయి మందు వేసింది. ఆ మందు హిస్టోన్లు ఎక్కడుంటే అక్కడ గోధుమ రంగు తేలుస్తుంది. మంచి పొట్టేలులో అయితే మొదట్లో ఉన్న గుండ్రటి కణాలకే గోధుమ రంగు వస్తుంది. సన్నబడి ప్రయాణానికి తయారైన తలలు ఉత్త నీలంగా ఉంటాయి. కండెలు దాదాపు అన్నీ పోయాయి కాబట్టి. ఈ పొట్టేలులో తయారైన తలలు కూడా గోధుమగానే ఉన్నాయి. కండెలు పోలేదు. టిక్కీ కట్టుబడలేదు. అమ్మాయి సంతోషం పట్టలేక పెద్దసారుని పిలుచుకొచ్చింది.

పెద్దసారు చూసి పెదవి విరిచారు. "ముక్క మందంగా తెగింది. మందంగా ఉంటే రంగు పట్టేసుకుంటుంది. ఆయనకి వయసైందమ్మా, చెయ్యి తప్పుతోంది. ఈ ఫలితం పక్కన పెట్టు."

సారు చెడ్డమనిషేం కాదు. తప్పు ఫలితం పుస్తకంలోకి ఎక్కితే ఆ అమ్మాయి మూడేళ్ల కష్టమూ పోతుందని ఆయన భయం. బావగారు మర్నాడు మళ్లీ కోశారు. మళ్లీ గోధుమ రంగే. పక్కన మంచి పొట్టేలు పలక పెట్టి చూపించారు. "అది వేరే రోజు తెగింది, ఇది వేరే రోజు తెగింది. అది పల్చన, ఇది మందం" అన్నారు సారు. అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చి ఈ సంగతి మాకు ఆయన చెప్పలేదు. మేమే కనిపెట్టాం. వారం రోజులు ఆయన నోట మైక్రాన్ అన్న మాట రాలేదు. కూరలో ఉప్పు లేకపోయినా తినేసి లేచారు. మామిడికాయ తరగమని అక్క కత్తిపీట ముందు పెడితే, "నువ్వే తరుగు. నా చేతిలో మందం వస్తుంది" అన్నారు. అప్పుడు అక్క అడగ్గా అడగ్గా బయటపడింది. ముప్పై యేళ్లు కోసిన చెయ్యి. ఇంక నెల రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. తప్పిన చెయ్యిగానే వస్తుందన్నమాట. ఆ పొన్నూరమ్మాయి పరిస్థితేమిటో అదీ తెలియదు.

అదే వారంలో నాకు కొట్టాయనతో గొడవ నడుస్తోంది. ఈయన మాంసం కొట్టాయన కాదు, కిరాణా కొట్టాయన. నేను తెచ్చిన కందిపప్పు ఎంతసేపు పెట్టినా రాళ్లలా ఉంటోంది. వెళ్లి అడిగితే, "పప్పు బంగారం లాంటిదమ్మా. మీ వీధి బోరు నీళ్లకి ఏ పప్పూ ఉడకదు" అన్నాడు. మా వైపు నీళ్లు ఉప్పగా ఉంటాయి, నిజమే. కాబట్టి ఆ మాట అనేసి ఎవరన్నా తప్పించుకోవచ్చు. ఇంట్లో పోయినేడు అద్దంకి నుంచి మా సొంత అక్క పంపిన పప్పు రెండు గుప్పెళ్లు మిగిలింది. దాన్ని తెల్లగుడ్డలో మూట కట్టాను. కొట్టు పప్పుని ఎర్రంచు గుడ్డలో మూట కట్టాను. రెండు మూటలూ ఒకే కుండలో వేసి, పొయ్యి మీద పెట్టాను. బావగారు సెలవు పెట్టి వసారాలో కూర్చుని, ఏమీ చూడనట్టు చూస్తున్నారు.

దించి మూటలు విప్పాను. తెల్లగుడ్డలోది వెన్నలాగా అయింది. ఎర్రంచు గుడ్డలోది పోసినట్టే ఉంది.

"రెండూ ఒకే కుండలో ఎందుకు వేశావు అమ్మాయ్?" అన్నారు వసారాలోంచి.

"విడివిడిగా వేస్తే ఆ నీళ్లు వేరంటాడు, ఆ మంట వేరంటాడు. ఒకే కుండలో వేస్తే ఇంకేమంటాడు బావగారూ?"

ఆయన లేచి వచ్చి కుండ ముందు గొంతుక్కూర్చున్నారు. "ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"ఒకదానికి అంచు ఉందిగా."

ఆయన ఆ రెండు మూటల్ని అలా చూస్తూనే ఉన్నారు. తర్వాత లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కున్నారు. అక్క కంచం పెట్టింది. తినలేదు. చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకుని బస్సు కోసం పరుగెత్తారు. అరవై యేళ్ల మనిషి పరుగెత్తడం మా వీధి అప్పుడే చూసింది. నేను రెండు మూటలూ పట్టుకుని కొట్టుకి వెళ్లాను. కొట్టాయన రెండింటినీ వేళ్లతో నలిపి, వేరే బస్తాలోంచి పప్పు కొలిచి ఇచ్చాడు.

ఆ రోజూ, మర్నాడూ బావగారు ఇంటికి పొద్దుపోయి వచ్చి ఇన్ని మజ్జిగ తాగి పడుకున్నారు. మూడోరోజు అక్క నాకు క్యారేజీ ఇచ్చి, "నాకు మోకాళ్లు సహకరించవు, నువ్వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని తినిపించి రా" అంది. అలా నేను ఆ ల్యాబ్‌లోకి మొదటిసారి అడుగుపెట్టాను. లవంగనూనె వాసన, మైనం వాసన. ఫ్యాను ఆపేసి ఉంది. నేను గుమ్మంలోనే ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి పీల్చుకో, కోత అయిపోయింది" అన్నారు.

ఆయన చేసిందిది. మంచి పొట్టేలు ముక్క ఒకటి, సింగరాయకొండ పొట్టేలు ముక్క ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకే మైనంలో పోశారు. మంచి పొట్టేలు ఉన్న వైపు మైనం దిమ్మకి ఒక మూల చెక్కేశారు, అదీ గుర్తు. మర మీద పెట్టి కోశారు. కత్తి ఒక్క లాగులో రెండింటి మీదుగా వెళ్లింది. ఒకే పొరలో రెండు పొట్టేళ్లూ వచ్చాయి. ఒకే గాజు మీద పడ్డాయి. ఒకే మందులో మునిగాయి.

పొన్నూరమ్మాయి నన్ను కూర్చోబెట్టి మైక్రోస్కోపులో చూడమంది. ముందు నా కనురెప్పలే కనిపించాయి. తర్వాత మెల్లగా తేలింది. వంకాయలు అడ్డంగా కోసి పరిచినట్టు గుండ్రాలు. ఒక్కో గుండ్రంలో అంచున లావుపాటి కణాలు, లోపలికి వచ్చేకొద్దీ సన్నటివి, నడిమధ్యలో తోకలు కూడదీసుకుని పడుకున్నట్టు తలలు. మంచి పొట్టేలులో అంచున గోధుమ రంగు, మధ్యలో తలలు నీలం. ఆకాశంలాంటి నీలం. అమ్మాయి పలకని అయిదు మైక్రాన్లు, కాదులెండి, వేలెడు జరిపింది. రెండో పొట్టేలు. అంచునా గోధుమే, మధ్యలో తలలూ గోధుమే. కండెల్ని వదలకుండా మోసుకుంటూ ప్రయాణానికి నిలబడ్డాయి పాపం.

పెద్దసారు వచ్చేసరికి నేను క్యారేజీ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. సారు కూర్చుని చూశారు. పలకని ఇటు జరిపారు, అటు జరిపారు.

"ఇవి రెండూ ఏ రోజు కోశావయ్యా?"

"ఒకే రోజయ్యా."

"ఏది ముందు కోశావు?"

"ముందూ వెనకా లేదయ్యా. ఒకే మైనం, ఒకే లాగు. మందమైతే రెండూ మందమే. పల్చనైతే రెండూ పల్చనే."

బావగారి చేతులు వెనక కట్టుకుని ఉన్నాయి. వెనక నిలబడ్డ నాకు కనిపిస్తున్నాయి, ఊదా రంగు వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. సారు మళ్లీ వంగి చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా, పక్కన పెట్టమన్నాను, ఆ ఫలితం ఎక్కడ పెట్టావు?"

"పక్కనే పెట్టానండీ" అంది అమ్మాయి భయంగా.

"తీసి మధ్యలో పెట్టు. ఒక్క పొట్టేలుని చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఇలాంటివి ఇంకా వెతకండి." తర్వాత బావగారి వైపు తిరిగారు. "నీ చెయ్యి తప్పలేదయ్యా. నేనే తొందరపడ్డాను. ఇంతకీ ఈ ఆలోచన ఎక్కడిది?"

"మా మరదలి పప్పు కుండలోదయ్యా" అని నన్ను చూపించారు.

సారు నా వైపు చూసి, చేతిలో క్యారేజీ వైపు చూశారు. "అందులో ఉందా?"

"ఉడికినదే తెచ్చానండీ" అన్నాను. సారు ముందు నవ్వారు, తర్వాత అందరం నవ్వాం.

బయట మెట్ల మీద కూర్చుని బావగారు క్యారేజీ విప్పారు. మూడు రోజుల ఆకలి. నాలుగు ముద్దలు గబగబా తిన్నారు. అయిదో ముద్ద నోటి దగ్గర ఆపి, కాస్త ఆలోచించారు.

"ఉప్పు రెండు మైక్రాన్లు తగ్గింది అమ్మాయ్."

నేను ఇంటికెళ్లి అక్కకి ముందు చెప్పింది ఆ మాటే. మైక్రోస్కోపు సంగతి తర్వాత చెప్పాను.

మిగిలిన రోజుల్లో ఆదివారం ఆదివారం మళ్లీ డబ్బా పట్టుకుని వెళ్లారు. "గవర్నమెంటుకి ఇంకా తగ్గలేదా" అన్నాడట మాంసం కొట్టాయన. రిటైరయిన రోజు కాలేజీలో కేకు తెచ్చి, కత్తి ఆయన చేతికే ఇచ్చారు. కాలేజీ మొత్తానికీ సరిపోయింది, వాచ్‌మన్‌తో సహా. పొన్నూరమ్మాయి రీసెర్చి పుస్తకం పూర్తయ్యాక తెచ్చి చూపించింది. సాయం చేసినవాళ్లకి థాంక్స్ చెప్పే ముందు పేజీలో బావగారి పేరుంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం వెతికి, "మా మరదలి పేరేదమ్మా" అని అడిగారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నాకు నిజంగా ఏమీ అనిపించలేదు, కానీ ఆయన మాత్రం ఆ పేజీ కింద పెన్సిలుతో నా పేరు రాసి ఇచ్చేశారు.

మొన్న, పండగ తర్వాత, మా మేకపిల్లకి కడుపు ఉబ్బితే అదే కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. సూది వేశాక కాసేపు ఉంచమన్నారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. పక్క మెట్ల మీద తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరమ్మాయిలు అన్నం తింటున్నారు.

"సారు ఒప్పుకోలేదే. మందంగా తెగిందంటారు" అంది ఒకమ్మాయి.

"విడిగా పోశావా ఏంటి? పప్పు కట్టాల్సింది" అంది రెండో అమ్మాయి.

నాకు మేకపిల్ల ఒళ్లో ఉందన్న ధ్యాస పోయింది. "పప్పు కట్టడమంటే ఏంటమ్మా?" అన్నాను.

"అది వంట సంగతి కాదు మామ్మగారూ, మా ల్యాబ్ మాట. రెండు ముక్కలు ఒకే మైనంలో పోసి ఒకే కోత కొయ్యడం. అలా ఎందుకంటారో మాకూ తెలీదు. ఎవరో పాత సైంటిస్టు కనిపెట్టారంట."

సైంటిస్టంట. అక్కకి చెబితే వారం రోజులు నవ్వుతుంది. నేను మేకపిల్లని భుజానికెత్తుకుని లేచాను.

"ఒకదానికి అంచు ఉండాలమ్మా. లేకపోతే ఏది ఏదో తెలీదు" అన్నాను.

ఆ పిల్ల ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. "అవునండీ, ఒక మూల చెక్కుతాం. మీకెలా తెలుసు?"

బస్సు వచ్చేస్తోంది. "అయిదు మైక్రాన్లు జరగండమ్మా" అని వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని మెట్లు దిగాను.